కుడికాలి దీవెన

మా ఇంట్లో ఆస్తి అని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉండేది. అది కంటికి కనబడదు, రిజిస్ట్రారు ఆఫీసులో రాయించేదీ కాదు. మావాళ్ళు దాన్ని ‘చెయ్యి వేయడం’ అనేవాళ్ళు. ఇంటి పెద్ద పోయేముందు మనవల్లో ఒకరిని పిలిచి, తల మీద కుడిచెయ్యి వేసి, తనకు వచ్చిన దీవెనను వాళ్ళకు దాటించాలి. కొడుకులకూ కూతుళ్ళకూ కాదు, మనవలకే. అందరికీ కాదు, ఒక్కరికే. అదీ ఒక్కసారే. ఈ షరతులు ఎవరు పెట్టారో తెలియదు. చర్చిలో ఏ పాస్టరుగారిని అడిగినా, ఇలాంటి పద్ధతి ఎక్కడా లేదమ్మా అనేవారు. పాస్టర్లు నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళని మా అమ్మ కొట్టిపారేసేది.

అమ్మ చెప్పిన ప్రకారం దీనికి మొదలు ఇది. ఆమె వైపు పెద్దల్లో మొట్టమొదట ప్రభువును నమ్ముకున్నాయన జగ్గయ్యపేట పక్క మెట్ట చేలల్లో కూలి చేసేవాడు. సెంటు భూమి లేదు, చివరికి ఆయన నడిచే గట్టు కూడా ఇంకొకరిదే. ఒకరోజు కళ్ళంలో జొన్నలు తూర్పారబడుతుంటే ఒక ఉపదేశి వచ్చి కూర్చుని, ఇశ్రాయేలువాళ్ళకు మూలపురుషుడైన యాకోబు కథ చెప్పాడట. మావాడు చేట ఆపి ఒక్కటే అడిగాడట, “అయ్యా, ఆయనకి భూముందా?” అని. లేదు, గుడారాల్లో బతికాడు, పోయేనాటికి పరాయి దేశంలో ఉన్నాడు అన్నాడు ఉపదేశి. “మరి పిల్లలకేం ఇచ్చాడండి?” “తల మీద చెయ్యేసి మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే పన్నెండు గోత్రాలు బతికినయ్.” ఏమీ లేనివాడు కూడా వెనకవాళ్ళకు ఒకటి ఇచ్చిపోవచ్చునన్న సంగతి మావాడికి ఆ పూటే తెలిసింది. బాప్తిస్మానికి ముందే ఆయన ఈ ఆచారాన్ని తీసుకున్నాడని అమ్మ గొప్పగా చెప్పేది.

ఇంతవరకే అయితే నాకు పేచీ లేదు. కాలు సంగతి ఒకటుంది.

యాకోబుకైనా దీవెన ఊరికే రాలేదనేది అమ్మ. ఏటి రేవు దగ్గర ఎవరో తెలియని మనిషితో పెనుగులాడి, దీవిస్తేగాని వదలనని పట్టుబట్టాడు. ఆ మనిషి దీవించాడు, తుంటి మీద ఒక దెబ్బా కొట్టాడు. ఆ రోజునుంచీ ఆయన కుంటుతూనే నడిచాడు. మా మొదటాయన కూడా చివరిదశలో కుడికాలు ఈడ్చేవాడట. ఆయన చెయ్యి వేసిన మనవడు, అంటే మా అమ్మకు తాత, నెల తిరక్కుండా మిరపకాయల బండి మీంచి పడి కుడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయన మా అమ్మకు చెయ్యి వేసేనాటికి అమ్మకు పదకొండేళ్ళు. మూడోరోజున ఆయన పోయాడు. పదోరోజున అమ్మకు జ్వరం తగిలింది. జ్వరం తగ్గి లేచేసరికి కుడికాలు సన్నబడిపోయి ఉంది.

నేను నందిగామలో సైన్సు టీచర్ని. మొదటిది కీళ్ళవాతం, రెండోది ప్రమాదం, మూడోది పోలియో అని అమ్మకు ఎన్నోసార్లు చెప్పాను. విడివిడిగా చూస్తే మూడింట్లోనూ వింత లేదు. మూడూ కుడికాళ్ళే ఎందుకయ్యాయన్న దగ్గర నా సైన్సు తడబడేది. అమ్మ నవ్వేది. “అడుగేసినప్పుడల్లా గుర్తుండాలని ఇచ్చాడే. లేకపోతే మర్చిపోమూ?” అనేది.

ఆ కాలితోనే ఆమె నలభైమంది ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రిగా ఉండి, మిరపకాయ కోతలకు ఊరూరా తిప్పింది. ఒక అడుగు టప్పుమని పడేది, రెండోది నేల మీద బరబరా వచ్చేది. ఆ చప్పుడు వినగానే నేనూ తమ్ముడూ జుట్లు వదిలి పుస్తకాలు పట్టుకునేవాళ్ళం. నాకు టీచరు ఉద్యోగం వచ్చినా, తమ్ముడికి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికినా ఆమె తన తలే తడుముకునేది, అంతా అక్కడినుంచే వచ్చినట్టు. నేను రాత్రింబవళ్ళు చదివిన చదువుకు అందులో వాటా లేదు. నాకు ఒళ్ళు మండేది. దాచడమెందుకు, ఏడుపూ వచ్చేది. తరం దాటించి ఇవ్వాలన్న షరతు వల్ల పుట్టుకతోనే నేను లెక్కలో లేను. ఆ పిచ్చి నమ్మకాలు నాకొద్దని ఎగతాళి చేసిన ప్రతిసారీ, వద్దనడానికి ముందు ఎవరో ఒకరు ఇస్తామనాలి కదా అని లోపల ఉక్రోషంగా ఉండేది.

నా కూతురు పుట్టిన రోజున అమ్మ ఆసుపత్రికి వచ్చి, బిడ్డ తల మీదికి చెయ్యి చాపి, జానెడు ఎత్తులో ఆపేసింది. తాకలేదు. “ఇదే,” అంది. తమ్ముడికి అప్పటికే ఇద్దరు కొడుకులున్నారు, వాళ్ళను ఆమె ఎప్పుడూ అలా చూడలేదు. అప్పటినుంచీ ప్రతి వేసవి సెలవుల్లోనూ నా కూతురు అమ్మమ్మ పక్కన పడుకుని ఈ కథలన్నీ నూరిపోయించుకుంది. నీటికాసుల జబ్బుతో అమ్మకు చూపు పోయాక, పిల్లను తడిమి గుర్తుపట్టేది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, బాదం నూనె వాసన. అవి చేతికి తగిలితే ఆమె ముఖం విప్పారేది.

పోయినేడాది సెలవుల్లో, జగ్గయ్యపేటలో తమ్ముడి ఇంట్లో, ఎండ మిటమిటలాడే వేళ వరండాలో అమ్మ అడుగుల చప్పుడు వినబడింది. టప్పు, బరబర. మంచినీళ్ళకు లేచిందేమోనని వెళ్ళాను. అమ్మ కాదు, నా కూతురు. కళ్ళు మూసుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ ఆ చివరనుంచి ఈ చివరకు నడుస్తోంది. పెదవి కూడా అమ్మలాగే ఒక పక్కకు బిగించింది. పదేళ్ళ పిల్ల ముఖంలో అంత ముసలితనం ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

“ఏం చేస్తున్నావే?” అని అరిచాను.

“అలవాటు చేసుకుంటున్నా,” అంది, కళ్ళు తెరవకుండానే. “తర్వాత కష్టం కాకుండా.”

వీపు మీద ఒక్కటి వేశాను. అది ఏడవలేదు. స్కూల్లో ఖోఖో ఆడితే దాన్ని అందుకునేవాళ్ళు లేరు, ఆ ఏడాదే పెద్ద పిల్లల జట్టులోకి తీసుకున్నారు. ఆ కాళ్ళను చూసినప్పుడల్లా నాకు వచ్చే సంతోషం దేనితోనూ రాదు. దేన్నీ నమ్మనని చెప్పుకునే నేను ఆ రోజునుంచీ ఆ కాళ్ళకోసం భయపడుతూ బతికాను.

ఈ ఏప్రిల్‌లో తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, అమ్మ ఇక లాభం లేదు. పిల్లని తీసుకురమ్మంటోంది. పిల్లనే.” వెళ్ళనని అనలేకపోయాను, తల్లి పోతుంటే ఎలా అంటాం? బస్సెక్కాం. చిల్లకల్లు దాటాం. పిల్ల తలంటుకుని, ఉతికిన గౌను వేసుకుని, చర్చికి వెళ్తున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “భయంగా ఉందా?” అని అడిగాను. “ఎందుకు? నాదేగా,” అంది. అప్పుడు నా కళ్ళు దాని జడల మీద పడ్డాయి. ఆలోచన అక్కడే వచ్చింది. వాటిని చూడకుండా కిటికీ వైపు తిరిగాను.

తమ్ముడు డ్యూటీకి, వాడి కొడుకులు బడికి పోయారు. మరదలు తలుపు తీసి, నన్ను పక్కకు పిలిచింది. “వదినా, అత్తయ్య మంచం దిగి నెలయింది. కానీ మధ్యాహ్నం పూట వరండాలో ఆ అడుగులు వినబడతన్నయ్ వదినా. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండట్లా.” పిల్లి అయ్యుంటుందిలే అన్నాను. పిల్లి కుంటుతుందా అని ఆ అమ్మాయి అడగలేదు, నా ముఖం చూసి ఊరుకుంది. అమ్మ నిద్రలో ఉంది. ఆమెకు కొబ్బరినీళ్ళు పట్టాలని చెప్పి, బోండాలు తెమ్మని మరదలినీ పిల్లనూ కలిపి సెంటరుకు పంపాను. పిల్ల గుమ్మంలో ఆగి నన్ను ఒకసారి చూసి వెళ్ళింది.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగేసరికి ఇంట్లో చిన్న చప్పుడు కూడా లేదు. వెనకగదిలో పిల్ల సంచి తెరిచి, ఇంకో జత రిబ్బన్లు, నూనె సీసా తీశాను. నలభై నాలుగేళ్ళ దాన్ని, ముడి విప్పి, నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని, మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే నవ్వు రావలసింది. రాలేదు. నా కూతురు ముసలిదై అందులోంచి నన్ను చూస్తోంది.

పదిహేనేళ్ళుగా నేను మా చర్చిలో ఆదివారం బడి చెబుతున్నాను. చూపు పోయిన తండ్రి పెద్దకొడుకును దీవిస్తానంటే, తల్లి చిన్నకొడుకు యాకోబు చేతులకు, ఒళ్ళంతా వెంట్రుకలున్న పెద్దవాడి చేతుల్లా తగలాలని, మేకపిల్లల తోళ్ళు చుట్టి లోపలికి పంపిన కథను బొమ్మలతో సహా నేర్పాను. ఆ కథ తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టే నాకా పని తోచింది. తేడా ఒక్కటే. వాళ్ళు దీవెన కావాలని చేశారు, నేను నా బిడ్డకు అది రాకూడదని చేశాను. ఆ తేడా చాలనుకున్నాను.

మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను, పిల్ల ఎత్తు ఎంతుంటుందో అంతకు తల వంచి. అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి.

“ఎవరే?”

“నేనే అమ్మమ్మా,” అన్నాను గుసగుసగా.

అమ్మ చెవి నా వైపు తిప్పింది. “గొంతేంటే, మీ అమ్మ గొంతులాగుంది?”

“జలుబు చేసింది.”

చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చింది. ముందు రిబ్బన్లు పట్టుకుంది, తర్వాత జడలు, తర్వాత వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని నూనె వాసన చూసింది. అప్పుడు కుడిచెయ్యి నా నడినెత్తి మీద పెట్టింది. నెలరోజులుగా చెంచా కూడా ఎత్తలేని చెయ్యి అది. తడిసిన పత్తి బస్తా నెత్తిన పడ్డట్టయింది. నా మెడ వంగిపోయింది, గడ్డం గుండెకు ఆనింది. ఆ గదిలో మా ఇద్దరి ఊపిరి చప్పుడే ఉండాలి. అంతకంటే ఎక్కువమంది ఊపిరి తీస్తున్నట్టుంది.

ఆమె మొదలుపెట్టింది. ప్రార్థన కాదు. ఎవరి పేర్లూ లేవు, వాళ్ళు చేసిన పనులే ఉన్నాయి. “గుడారంలో పుట్టినోడి దీవెన. ఏటికాడ వదలకుండా పట్టుకున్నోడి దీవెన. జొన్నలు తూర్పారబట్టినోడి దీవెన. బండి తోలినోడి దీవెన. మిరపకాయలు కోసినదాని దీవెన. ఇక నీది.” ఎక్కడో ఎడారిలో గొర్రెలు కాసుకున్న మనిషికీ, జగ్గయ్యపేట మెట్టలో కూలికి పోయిన మావాళ్ళకూ మధ్య ఆమెకు దూరమేమీ లేదు, ఒకే వీధిలో ఇళ్ళన్నట్టు చెప్పుకుపోయింది. నేను ఎగతాళి చేసినదంతా ఇదేనా అని మొదటిసారి సిగ్గుపడ్డాను.

అయిపోయిందనుకున్నాను. చెయ్యి తియ్యలేదు. గొంతు తగ్గించి అంది, “మీ అమ్మని చల్లగా చూసుకో. దానికి నేనేం ఇవ్వలా. ఇవ్వకూడదన్నారని ఇవ్వలా. అదేమో తనకక్కర్లేదంటది, దాని మొహం చూస్తే తెలవదా నాకు? ఎన్నోసార్లు నిద్రపోతుంటే చెయ్యి దాకా తీసుకెళ్ళి వెనక్కి తీసుకున్నా. దానికి చెప్పబాక.”

నేను ఏడుస్తున్న చప్పుడు ఆమెకు వినబడకుండా ఉండదు. ఆమెకు తెలిసి అన్నదో, తెలియక అన్నదో నాకు తెలియదు. ఆ క్షణంలో నేను కూతుర్ని కాపాడుతున్న తల్లిని కాదు. నాకు కావలసింది నాకు దొరికింది, అంతే. నిజం చెప్పాలంటే, కాళ్ళ సంగతి కూడా మర్చిపోయాను.

“అమ్మమ్మా, నేనిక్కడున్నా.”

గుమ్మంలో నా కూతురు. చేతిలో కొబ్బరిబోండాం, మరదలికంటే ముందే వచ్చేసింది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. నా జడలను, రిబ్బన్లను చూస్తోంది.

నా తల మీద చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మంచం కోళ్ళు కూడా కదిలాయి. “నువ్వక్కడుంటే, ఇందాక నేను చెయ్యేసింది ఎవరి మీదే?” అంది అమ్మ. పిల్ల బోండాం కింద పడేసి పరిగెత్తుకొచ్చి, నన్ను తోసి, నా చోట్లో మోకరించింది. “నాక్కూడా వెయ్యి అమ్మమ్మా. కొంచెం ఉన్నా చాలు.”

అమ్మ చెయ్యి దాని తల మీద పెట్టింది. కాసేపు ఉంచింది. తర్వాత తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. “ఏం లేదమ్మా ఇందులో. ఉత్త చెయ్యే,” అంది.

రెండు రోజులకు అమ్మ పోయింది. ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. కోపమో, ఓపిక లేకో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. సమాధి దగ్గర అందరూ పాడుతుంటే నేను నా కుడికాలి మీద బరువు మోపి చూసుకుంటున్నాను.

ఆ తర్వాత రోజూ మంచం దిగేటప్పుడు కుడికాలు ముందు పెట్టి చూసేదాన్ని. పది రోజులు, నెల, నలభై రోజులు. ఏమీ కాలేదు. మెట్లు ఎక్కాను, బస్సు వెంట పరిగెత్తాను. కాలు రాయిలా గట్టిగా ఉంది. చూశావా, అంతా భ్రమ అని నాకు నేనే చెప్పుకున్నాను. కాస్త నిరాశ కూడా కలిగింది, అది ఎవరికి చెప్పుకోను?

జూన్‌లో బళ్ళు తెరిచిన వారానికి, వంటింట్లో ఉండగా వెనకనుంచి వినబడింది. టప్పు, బరబర. గరిటె పట్టుకునే తిరిగి చూశాను. నా కూతురు మంచినీళ్ళ బిందె దగ్గరికి వస్తోంది.

మొదట నటన అనుకుని తిట్టాను. బతిమాలాను. చాటునుంచి కనిపెట్టాను, ఎవరూ చూడనప్పుడు మామూలుగా నడుస్తుందేమోనని. నడవలేదు. ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతుంటే దగ్గరకెళ్ళి చూస్తే, కుడి పాదం లోపలికి తిరిగి ఉంది, అమ్మ పాదం తిరిగినట్టే. విజయవాడ తీసుకెళ్ళాను. ఎముకలో ఏమీ లేదు, నరాల్లో ఏమీ లేదు, కొన్నాళ్ళు చూద్దాం అన్నారు. తిరిగొచ్చేటప్పుడు పరిటాల దగ్గర బస్సు ఆగితే, పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఖోఖో జట్టులోంచి పేరు తీసేశారని దానంతట అదే చెప్పింది, ఏ బాధా లేకుండా.

“నొప్పిగా ఉంటే చెప్పమ్మా,” అన్నాను.

“నొప్పేం లేదు.” నా వైపు తిరిగింది. “నువ్వు ఇదంతా నమ్మవుగా. మరి ఎందుకు తీసుకున్నావ్?”

నీ కాళ్ళ కోసమే అనబోయాను. ఆ మాట దాని కాళ్ళను చూస్తూ అనాలి, అనలేకపోయాను. దీవెన నా దగ్గర ఉండిపోయింది, దాని బరువు పిల్ల కాలికి వెళ్ళింది. ఏ వైద్యం పుస్తకంలోనూ లేని ఈ సంగతి నాకు మాత్రం రెండూ రెండూ నాలుగన్నంత స్పష్టంగా తెలుసు. షరతు ప్రకారం నేను పోయేముందు దాని బిడ్డకే ఇవ్వాలి. దానికి ఇవ్వడానికి దారి లేదు. ఒకరోజు జడ వేసేటప్పుడు దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, అమ్మ చెప్పినవన్నీ వరుసగా మనసులో అనుకున్నాను. జుట్టు మెత్తగా తగిలింది, ఇంకేమీ జరగలేదు. “ఉత్త చెయ్యేలే అమ్మా,” అంది అది, అద్దంలో నన్ను చూడకుండా.

మొన్న ఆదివారం బడిలో పాఠాల వరుసలో ఆ కథే వచ్చింది. మానేద్దామనుకున్నాను. ఇరవైమంది పిల్లలు చాపల మీద కూర్చుని ఎదురుచూస్తుంటే మానడం కుదరలేదు. నా కూతురు రెండో వరసలో ఉంది. ఏటా నేను చిన్నవాడికి దీవెన దొరికిన దగ్గర గొంతు పెంచి, పెద్దవాడు ఏడ్చిన దగ్గర రెండు ముక్కల్లో తేల్చేసి, పాట ఎత్తుకునేదాన్ని. ఈసారి అలా తేల్చెయ్యలేకపోయాను. పెద్దవాడు వేటనుంచి వచ్చాడు, తండ్రి వణికాడు, నాక్కూడా ఒక్క దీవెన లేదా నాన్నా అని వాడు గట్టిగా ఏడ్చాడు అని చెప్పి ఆగిపోయాను.

నా కూతురు చెయ్యెత్తింది.

“టీచర్, వాడు ఏడ్చేటప్పుడు వాళ్ళమ్మ ఎక్కడుంది?”

చర్చిలో ఉన్నంతసేపూ నన్ను టీచరనే పిలవమని నేర్పింది నేనే.

“ఇంట్లోనే ఉందమ్మా,” అన్నాను. “అంతా వింటూనే ఉంది.”

“మరి బయటికి రాలేదేం?”

బల్ల వెనకనుంచి లేచి వెళ్ళి, పిల్లలందరూ చూస్తుండగా చాప మీద దాని పక్కన కూర్చుని, తప్పు నాదేనని చెప్పాను. అది కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. తల మాత్రం నా చేతికి అందనివ్వలేదు.